గ్లెండా తవ్విన పెరడు

గ్లెండా స్పూనర్ ఒకచోట కుదురుగా కూర్చోలేదని మా వీధిలో అందరూ అంటారు. నిజానికి పాతికేళ్ళకు పైగా ఆమె చేసిన ఉద్యోగమే కూర్చోవడం. నాటింగ్‌హామ్‌కి ఉత్తరాన మా పల్లెల మధ్య తిరిగే బస్సు నడిపేది. కాకపోతే ఆ సీటు కదులుతూ ఉండేది. కదలని కుర్చీ మీద ఆమె పది నిమిషాలు ఉండడం నేనెప్పుడూ చూడలేదు.

ఎక్కే జనం తగ్గిపోయారని ఆ రూటు తీసేశారు. అప్పటికి ఆమెకి యాభై దాటాయి. ఆ ఏడాది చలికాలం మొదట్లోనే ఆమె, భర్త ఐవర్ మా వీధిలోకి వచ్చారు. మా వీధంటే పాత ఇటుకల బట్టీ పడగొట్టి ఆ నేలమీద కొత్తగా కట్టిన తొమ్మిది ఇళ్ళు. ఒక్క హ్యాలమ్ దంపతులు తప్ప, మిగతా అందరం ఆ రెండు మూడు నెలల్లోనే దిగాం. పెళ్ళయినప్పటి నుంచీ స్పూనర్లు మూడో అంతస్తు ఫ్లాట్‌లో కాపురమున్నారు. కాలికింద సొంత నేలంటూ ఉండడం ఇద్దరికీ అదే మొదలు. ఐవర్ ఆస్పత్రి వంటశాలలో వంటవాడు. నెమ్మదస్తుడు. పెరట్లో కుర్చీ వేసుకుని టీ తాగితే చాలనుకునే రకం. గ్లెండాకి మాత్రం లాన్ కావాలి. బస్సు అద్దంలోంచి ఇన్నేళ్ళూ ఊళ్ళోవాళ్ళ లాన్లన్నీ చూస్తూ తిరిగింది. ఎవరు ఏ వారం గడ్డి కోశారో, ఎవరు అంచులు కత్తిరించకుండా వదిలేశారో ఆమెకి తెలిసేది. రాత్రి భోజనాల దగ్గర "చర్చి పక్కాయన మళ్ళీ మరీ కురచగా కోసేశాడు" అని సొంత పొలం సంగతి చెప్పినట్టు ఐవర్‌కి చెప్పేదట.

తాళాలు చేతికిచ్చే ముందురోజు ఇల్లు కట్టిన కంపెనీవాళ్ళు పెరట్లో గడ్డి పరిచి వెళ్ళారు. చాపల్లా చుట్టలు చుట్టి లారీలో తెచ్చి, విప్పి పక్కపక్కన పేర్చి, బూట్లతో తొక్కి పోయారు. కొన్నాళ్ళు కళ్ళకి చల్లగా ఉంది. క్రిస్మస్ దాటాక నీళ్ళు నిలవడం మొదలైంది. వాన వెలిసి మూడు రోజులైనా అడుగు వేస్తే బూటు పక్కల నుంచి నీళ్ళు చిమ్మేవి. మార్చికల్లా పసుపు మచ్చలు వచ్చాయి. ఏప్రిల్లో నాలుగు ఎండలు కాసేసరికి, నీళ్ళు నిలిచిన చోటే నేల పెంకులా బిగిసిపోయి, చాపల అంచులు ఎండిన అట్టల్లా పైకి లేచాయి.

గ్లెండాకి అలవాటు కొద్దీ డ్యూటీ వేళకే మెలకువ వచ్చేది. వెళ్ళడానికి డ్యూటీ లేదు. డ్రెస్సింగ్ గౌను మీద కోటు వేసుకుని పెరట్లోకి వచ్చేది. కంచె దగ్గరి నుంచి గుమ్మం దాకా, గుమ్మం నుంచి కంచె దాకా నడిచేది. వంగి గడ్డి అంచు పట్టుకుని లేపి చూసేది. అది చాపలాగే లేచి వచ్చేది. కింద వేళ్ళు లేవు. ఒక పుల్లటి కుళ్ళు వాసన మాత్రం వచ్చేది. లేపిన చోటే మళ్ళీ అణిచి, ఎవరైనా చూశారా అన్నట్టు చుట్టూ చూసి లోపలికి వెళ్ళేది.

ఆమెకి కంచె మీదుగా కనపడే లాన్ పక్కింటి వెర్నన్ హ్యాలమ్‌ది ఒక్కటే. అది పచ్చగా ఉండేది. వెర్నన్ డ్రైవింగ్ పరీక్షలు పెట్టే అధికారిగా చేసి రిటైరయ్యాడు. మనిషి ఇస్త్రీ మడతలా ఉంటాడు. స్పూనర్లు దిగిన రోజు టీ ఫ్లాస్కుతో గుమ్మంలోకి వచ్చిన ఆయన్ని గ్లెండా చూడగానే గుర్తుపట్టింది.

"మీరు నన్ను ఒకసారి ఫెయిల్ చేశారు," అంది.

"ఎందుకు చేశాను?"

"అద్దం చూడలేదని."

"చూశావా మరి?"

"చూశాను. మీరే అటు చూడలేదు."

ఆయన పడీపడీ నవ్వాడు. స్నేహం అక్కడ కుదిరింది. ఆయన భార్య బెరిల్ వారానికోసారి కేకో జామ్ సీసానో పట్టుకొచ్చేది. కంచె మీదుగా కబుర్లు నడిచేవి. లాన్ పాడవడం మొదలయ్యాక గ్లెండా అడిగిందీ వెర్నన్‌నే.

"ఆకలి మీద ఉంది, డక్. తిండి పెట్టు," అన్నాడు. మా వైపు ఆడా మగా తేడా లేకుండా అందరూ అందరినీ పిలిచే పిలుపు అది.

ఆమె ఎరువు తెచ్చి వేసింది. సంచి మీద రాసిన దానికన్నా ఓ గుప్పెడు ఎక్కువే వేసింది. వారం తిరిగేసరికి ఆమె నడిచిన దారంతా నల్లటి చారలు పడ్డాయి. వెర్నన్ కంచె మీద గడ్డం ఆనించి చూసి, చెయ్యి బరువైనట్టుందన్నాడు. చచ్చిన చోట విత్తనాలు చల్లమన్నాడు. చల్లింది. పావురాలు దిగి తీరిగ్గా ఏరుకు తిన్నాయి. తర్వాత, నేలకి గాలి ఆడడం లేదేమో, ముళ్ళపారతో గుచ్చి ఆ చిల్లుల్లో ఇసక పొయ్యమన్నాడు.

"మరీ లోతుగా మాత్రం గుచ్చకు. ఉన్న నాలుగు వేళ్ళూ తెగిపోతాయి," అని కూడా అన్నాడు.

లోతుగా గుచ్చడం ఆమె వల్ల అయ్యే పనిలా కూడా లేదు. జానెడు దిగేలోపే ముళ్ళపార దేనికో తగిలి ఖంగుమనేది. ఒక ముల్లు వంగిపోయింది. అయినా రెండు వారాలపాటు, వాన పడినా ఎండ కాసినా, పెరడంతా వరసలు వరసలుగా గుచ్చింది. అరచేతులు బొబ్బలెక్కాయి. మధ్య మధ్య వెర్నన్ లాన్ వైపు చూసి, మీదెలా ఇంత బాగుందని అడిగేది. ఓపిక కావాలి అనేవాడు ఆయన.

కంపెనీకి ఫోన్ చేసింది. తాళాలు ఇచ్చేశాక లాన్ బాధ్యత ఇంటివాళ్ళదేనని చెప్పారు. మొదటిసారి ఎత్తిన అమ్మాయి నీళ్ళు ఎక్కువ పోస్తున్నారేమో అంది. మళ్ళీ చేస్తే ఇంకో అబ్బాయి నీళ్ళు చాలడం లేదేమో అన్నాడు. ఆమె ఫోన్ పెట్టేసి ఇంట్లో మెట్లెక్కి దిగి, ఎక్కి దిగి, చివరికి ఉతికిన కర్టెన్లే మళ్ళీ తీసి ఉతికిందని ఐవర్ చెప్పాడు.

ఆ రోజుల్లోనే వాళ్ళిద్దరికీ మాటా మాటా వచ్చింది. "గడ్డే కదా, గ్లెన్," అన్నాడు ఐవర్, ఓదారుద్దామనే.

"గడ్డే. అదే నేనూ అంటున్నది. ఎవడూ నాటకుండా రోడ్డు పక్కన కూడా మొలుస్తుంది. నా దగ్గరే చస్తోంది."

ఆ మాటే మా ఆవిడతో కూడా అంది. మూడో అంతస్తులో బతికినదాన్ని, మట్టి నా చేతికి లొంగదేమో అంది. మా ఆవిడ ఏదో సర్దిచెప్పి పంపించింది. మా పెరడూ అలాగే ఉందని మాత్రం చెప్పలేదు. మా వీధిలో కంచెలు మనిషెత్తు చెక్కలు. ఎవరి పెరడు ఎవరికీ కనపడదు. వెర్నన్, స్పూనర్ల ఇళ్ళ మధ్య కంచె ఒక్కటే, గాలివానకి పడిపోతే మళ్ళీ కట్టినప్పుడు, ఛాతీ ఎత్తుకి దించి కట్టుకున్నారు. అందువల్ల మేమందరం ఎవరికి వాళ్ళం, మనమే ఏదో తప్పు చేశామని అనుకుంటూ, వెనక తలుపు కర్టెన్ వేసుకుని బతుకుతున్నాం.

జూన్‌లో ఆ సంఘటన జరిగింది. మూలింటి కర్‌స్టీ ఒంటరి తల్లి. మందుల షాపులో పని. కొడుకు రోరీకి అప్పుడు రెండేళ్ళు. కొన్ని మధ్యాహ్నాలు వాణ్ణి గ్లెండా చూసుకునేది. వాడి వెనక పరిగెత్తడం ఆమె ఒంటికి సరిపోయింది. ఆ రోజు వాడు పెరట్లో బంతి వెంట పోతూ బోర్లా పడ్డాడు. రెండేళ్ళ పిల్లలు రోజుకి పదిసార్లు పడతారు. కానీ వాడు లేవలేదు. ఏడుపు మాత్రం వీధంతా వినపడింది. గ్లెండా ఎత్తుకుని చూస్తే అరచేయి నిలువునా తెగి ఉంది. పల్చబడిన గడ్డిలోంచి బాత్రూమ్ టైలు ముక్క ఒకటి కత్తిలా పైకి పొడుచుకొచ్చి ఉంది. అంతకు ముందు వారం అక్కడే ఆమె వంగిన ముళ్ళపారతో గుచ్చింది.

తువ్వాలు చుట్టి కారులో ఆస్పత్రికి తీసుకెళ్ళింది. కుట్లు పడ్డాయి. కర్‌స్టీ షాపు నుంచి పరిగెత్తుకొచ్చింది. ఒక్క మాట అనలేదు. పైగా గ్లెండా భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి వేయకుండా ఉంటే బాగుండేదని గ్లెండా తర్వాత చెప్పింది. ఆ సాయంత్రం మోకాళ్ళ మీద కూర్చుని, చీకటి పడేదాకా, పెరడంతా వేళ్ళతో తడుముతూ గాజులాంటివి ఏరింది. ఒక చిన్న బకెట్ నిండింది.

మర్నాడు పొద్దున్నే బెరిల్ వచ్చింది. చేతిలో ఏమీ లేదు. బెరిల్ ఉత్త చేతుల్తో రావడం అదే మొదటిసారి. వంటింట్లో నిలబడి, కోటు కూడా విప్పకుండా, బల్ల మీది బకెట్ వైపు చూస్తూ చెప్పింది.

"మా లాన్ మొదటిది కాదు, గ్లెండా. రెండోది."

గ్లెండాకి అర్థం కాలేదు. బెరిల్ విడమరిచి చెప్పింది. వాళ్ళిల్లు అందరికన్నా ముందు పూర్తయింది. వసంతంలోనే దిగారు. వేసవికి లాన్ ఇలాగే చచ్చింది. వెర్నన్ కంపెనీ ఆఫీసుకి వెళ్ళి నానా రభసా చేశాడు. వాళ్ళు చిన్న ప్రొక్లెయిన్ తెచ్చి, పెరడు మోకాలి లోతున తవ్వి, కింద ఉన్న విరిగిన ఇటుకల రద్దంతా ఎత్తిపోసి, మంచి మట్టి నింపి కొత్త గడ్డి పరిచారు. ఒక్కటే షరతు. ఈ సంగతి వీధిలో మిగతా వాళ్ళకి చెప్పకూడదు. అప్పటికి మిగతా ఎనిమిదిళ్ళలో ఎవరూ దిగలేదు.

"ఎవరూ లేనప్పుడు ఒప్పుకోవడం తేలికైంది," అంది బెరిల్. "తర్వాత మీరొచ్చారు. నువ్వంటే నాకు ఇష్టం. రోజూ చెప్పమని ఆయన్ని పోరుతూనే ఉన్నాను. నిన్న ఆ పిల్లాడి ఏడుపు విన్నాక ఇక ఆయన్ని అడగలేదు. నేనే వచ్చేశాను."

గ్లెండా టీ పెడతానని కెటిల్ నింపింది. స్విచ్ వెయ్యడం మర్చిపోయి దాని ముందు నిలబడి ఉండిపోయింది. బెరిల్ ఎప్పుడు వెళ్ళిపోయిందో గమనించలేదు. కాసేపటికి షెడ్డులోంచి పార, గునపం తీసింది.

పెరడు నట్టనడుమ తవ్వడం మొదలుపెట్టింది. గడ్డి చాప కింద నాలుగు వేళ్ళ మందాన మట్టి ఉంది. దాని కింద దిమ్మిసతో కొట్టినట్టు బిగిసిన బంకమన్ను, యంత్రాల చక్రాలు నెలల తరబడి తొక్కి తొక్కి చేసినది. గునపం వేస్తే పెళ్ళలు పెళ్ళలుగా లేచింది. ఆ కింద విరిగిన ఇటుకలు, సిమెంటు ముద్దలు, ప్లాస్టిక్ పట్టాలు, టైలు పెంకులు, ఎవరో పనివాడి తోలు చేతితొడుగు ఒకటి. వాటి సందుల్లో ఎటూ పోయే దారి లేక నిలిచిపోయిన బూడిదరంగు నీళ్ళు. ఇన్నాళ్ళ వాసన అదే.

మధ్యాహ్నం షిఫ్టు ముగించుకుని ఐవర్ ఇంటికి వచ్చేసరికి ఆమె మోకాలి లోతు గుంటలో ఉంది. జుట్టు నిండా మట్టి. ఒక పక్క గడ్డి చాపలు, ఇంకో పక్క రద్దు గుట్ట. ఏమైందని అడిగితే, తవ్వుతూనే బెరిల్ మాటలు చెప్పింది. ఐవర్ గుంటలోకి తొంగిచూశాడు. తర్వాత కోటు విప్పి కంచెకి తగిలించి, తోపుడు బండి తెచ్చి ఇటుకలు ఎత్తడం మొదలుపెట్టాడు. గడ్డే కదా అన్న మాట ఆయన మళ్ళీ ఎన్నడూ అనలేదు.

సాయంత్రం వెర్నన్ మొక్కలకి నీళ్ళు పట్టడానికి బయటికి వచ్చాడు. గ్లెండా గుంటలోంచి ఎక్కి కంచె దగ్గరికి వెళ్ళింది.

"ఎరువు వెయ్యమన్నారు, వేశాను. విత్తనాలన్నారు, చల్లాను. లోతుగా గుచ్చొద్దన్నారు, గుచ్చలేదు. అప్పుడు గుచ్చి ఉంటే ఆ పిల్లాడి చెయ్యి తెగేది కాదు."

వెర్నన్ చేతిలో పైపు అలాగే కారుతోంది. కాళ్ళమీద పడుతున్నా కట్టలేదు.

"మాటిచ్చాను, గ్లెండా."

"నాకా?"

"నీకు కాదు. వాళ్ళకి."

"వాళ్ళు మీ పక్కింట్లో ఉంటున్నారా?"

ఆయన వెళ్ళి కుళాయి కట్టేసి వచ్చాడు. "ఏదో ఒకటి చెప్తూ ఉంటే నీకు కాస్త ఊరటగా ఉంటుందనుకున్నాను."

"ఊరటేం లేదు. పొద్దున లేస్తే నేను దేనికీ పనికిరానిదాన్ని అనుకుంటూ లేచేదాన్ని. మీరు ఈ కంచె మీద చేతులు పెట్టుకుని చూస్తూ నిలబడేవారు."

ఆమె మళ్ళీ గుంటలోకి దిగింది. ఆ రోజు నుంచి కంచె దగ్గర కబుర్లు ఆగిపోయాయి. వెర్నన్ చీకటి పడ్డాక నీళ్ళు పట్టడం మొదలుపెట్టాడు.

మర్నాడు గ్లెండా పార భుజాన వేసుకుని వీధిలో బయల్దేరింది. తలుపు కొట్టి, ముందు తన పెరట్లో బయటపడింది చెప్పి, మీ పెరట్లో ఒక్క గుంట తవ్వనిస్తారా అని అడిగేది. మా ఇంటికి వచ్చినప్పుడు మేము భోజనం చేస్తున్నాం. మా ఆవిడ సిగ్గుపడుతూనే వెనక తలుపు కర్టెన్ తీసింది. గ్లెండా మా పసుపు మచ్చల లాన్ చూసి నోరు తెరుచుకుని నిలబడిపోయింది. "మీది కూడానా? మరి నాతో ఒక్క మాట అనలేదేం?" అంది. మా ఆవిడ వెనక తలుపు తెరిచి పెరట్లోకి దారి చూపింది. తవ్వితే మా పెరట్లోనూ అదే బంకమన్ను, అవే ఇటుకలు. మాకు కోపం రావాల్సింది. విచిత్రంగా ముందు నవ్వొచ్చింది. ఇన్నాళ్ళ సిగ్గు ఒక్కసారి దిగిపోయిన నవ్వు అది. ఆ వారం ఏ ఇంట్లో చూసినా అదే తంతు. ఎనిమిది పెరళ్ళలో ఎనిమిది గుంటలు. ఎప్పుడూ పలకరించుకోని వాళ్ళు ఒకరి పెరట్లోకి ఒకరు వచ్చి, లోపలికి తొంగిచూసి, తలలు ఊపుకుంటూ వెళ్ళేవాళ్ళు.

అందరి తరఫునా గ్లెండాయే కంపెనీకి ఫోన్ చేసింది. ఈసారి మనిషి వచ్చాడు. పేరు క్రాస్‌ల్యాండ్, కుర్రవాడే, మర్యాదస్తుడు. వీధిలో ఎవరినీ కలవకుండా తిన్నగా ఆమె వంటింట్లోకి వచ్చి కూర్చున్నాడు. గుంట చూశాడు. పొరపాటు జరిగి ఉండొచ్చన్నాడు. వచ్చే వారంలోనే మీ పెరడు మొత్తం తవ్వించి మేలు రకం మట్టి నింపిస్తాం, కంచె పొడుగునా పూల పొదలు కూడా పెట్టిస్తాం, కాకపోతే ఇది మనమధ్యే ఉండనివ్వండి, మిగతావాళ్ళవి ఒక్కొక్కటే నెమ్మదిగా చూసుకుంటాం అన్నాడు.

ఆ క్షణంలో తనకి ఆశ పుట్టిందని గ్లెండా ఎవరి దగ్గరా దాచలేదు. పచ్చటి లాన్, అంచులు కత్తిరించినట్టు, కళ్ళముందు కనపడిందట. ఆలోచించుకుని చెప్తానని అతన్ని పంపించింది. ఆ సాయంత్రం మేము భోజనం చేస్తుంటే ఆమె మా కిటికీ ముందు నుంచి పోతూ కనపడింది. పళ్ళెం కడిగేటప్పుడు మళ్ళీ. దీపం వేసేటప్పుడు మళ్ళీ. వీధి చివరిదాకా వెళ్ళడం, తిరిగి రావడం. ఇంటికి వెళ్ళి ఐవర్‌ని అడిగితే, నువ్వేం చేసినా నాకు సమ్మతమే అన్నాడట.

"అది జవాబు కాదు, ఐవర్."

ఆయన ఆలోచించి, "సరే, అయితే విను. పచ్చటి లాన్‌లో కుర్చీ వేసుకుని కూర్చున్నాననుకో. కంచె అవతల కర్‌స్టీ ఆ పిల్లాణ్ణి బయటికి పోనివ్వకుండా పట్టుకుని ఉంటుంది. నాకు టీ దిగదు," అన్నాడు.

అంత పొడుగు మాట ఆయన నోట విని ఏడాదైందని ఆమె నవ్వింది. మర్నాడే మమ్మల్నందరినీ పిలిచింది. క్రాస్‌ల్యాండ్ జవాబు కోసం మళ్ళీ వచ్చేసరికి ఆమె పెరట్లో గుంట చుట్టూ ఏడిళ్ళవాళ్ళం నిలబడి ఉన్నాం. రోరీని ఎత్తుకుని కర్‌స్టీ ముందు వరసలో ఉంది. బెరిల్ కూడా వచ్చి ఒక మూల నిలబడింది. వెర్నన్‌ని ఎవరూ పిలవలేదు.

అంతమందిని చూసి క్రాస్‌ల్యాండ్ తడబడ్డాడు కానీ తేరుకున్నాడు. అతను మామీద ఎగరలేదు, బెదిరించనూ లేదు. ఇటుకల బట్టీ నేల కాబట్టి పాత ఇటుకలు బయటపడడం మామూలేనని, ఈ వీధిలో పని మొత్తం నిబంధనల ప్రకారమే జరిగిందని, ఇలాంటి ఫిర్యాదు ఇదివరకు ఏ ఇంటి నుంచీ రాలేదని, మేము కలిసికట్టుగా రాయదలుచుకుంటే రాయొచ్చని చెప్పుకుపోతున్నాడు. ఇదివరకు రాలేదన్న మాట దగ్గర బెరిల్ నోరు తెరవబోయింది.

అంతలో పక్క గేటు తెరుచుకుంది. వెర్నన్ లోపలికి వచ్చాడు. కోటు, టై వేసుకుని వచ్చాడు. నేరుగా క్రాస్‌ల్యాండ్ ముందుకి వచ్చి నిలబడ్డాడు.

"వచ్చింది. నా ఇంటి నుంచి వచ్చింది," అన్నాడు. "మీవాళ్ళే తవ్వారు. బట్టీ ఇటుకలు కావవి. మీరు కట్టిన ఇళ్ళ రద్దు. నా వంటింట్లో ఉన్న టైల్సే నా పెరట్లోంచి కూడా తీశారు. బయటికి చెప్పనని మీకు మాటిచ్చాను. ఇప్పుడు చెబుతున్నాను."

గొంతు స్థిరంగానే ఉంది. చెయ్యి మాత్రం టై ముడిని సర్దుతూనే ఉంది. జీవితమంతా నిబంధన తప్పిన వాళ్ళకి సున్నాలు వేసిన మనిషి ఆయన. చెప్పాల్సింది చెప్పేసి, ఎవరి మొహం వైపూ చూడకుండా, వచ్చిన గేటులోంచే వెళ్ళిపోయాడు. బెరిల్ ఆయన వెనకే పరిగెత్తింది. గ్లెండా కృతజ్ఞతలు చెప్పలేదు. గుంట అంచున మట్టిని బూటుతో రాస్తూ, "మరి మొదలెప్పుడు పెడతారు?" అని క్రాస్‌ల్యాండ్‌ని అడిగింది.

అంత తేలిగ్గా అయిపోలేదు. వేసవంతా ఫోన్లు, వాయిదాలు. ఒకసారి యంత్రం పాడైందన్నారు. ఒకసారి మట్టి దొరకలేదన్నారు. గ్లెండా ఊరుకోలేదు. రోజూ పొద్దున ఆఫీసు తెరిచే వేళకి మొదటి ఫోన్ ఆమెదే. చివరికి అక్కడి ఆపరేటరావిడ తన కూతురి పెళ్ళి సంగతులు ఈమెకి చెప్పేంత స్నేహమైపోయింది. ఆకులు రాలడం మొదలయ్యాక ప్రొక్లెయిన్ వచ్చింది. వరసగా ఎనిమిది పెరళ్ళూ తవ్వారు. లారీలు రద్దు తీసుకుపోతుంటే, మట్టి తెస్తుంటే వీధంతా బురద. మా ఆవిడ గుమ్మంలో పాత దుప్పటి పరిచి నెల రోజులు తియ్యలేదు. గ్లెండా మాత్రం ప్రతి పెరట్లోనూ యంత్రం వెనకాలే నిలబడి, ఇంకా తవ్వు, ఇంకా తవ్వు అంటూ ఆ డ్రైవర్ ప్రాణం తీసింది.

మట్టి నింపాక మా ఏడిళ్ళలోనూ గడ్డి చాపలు పరిచారు. గ్లెండా వద్దంది. పైన కప్పే చాపలంటే నాకు నమ్మకం పోయింది, విత్తనం వేసుకుంటాను, ఏం మొలుస్తుందో మట్టిలోంచే మొలవాలి అంది. ఐవర్ పడకగది పాత తెల్ల కర్టెన్లు కత్తిరించి తాళ్ళకి కట్టి పావురాలకి బెదురు పెట్టాడు. రెండు వారాలకి, ఎండ ఏటవాలుగా పడినప్పుడు మాత్రమే కనపడేలా, పసిపిల్లల తలమీది నూగులాంటి పచ్చదనం వచ్చింది. గ్లెండా మమ్మల్ని పిలిచి చూపించింది. మాకు కనపడకపోతే వంగి చూడమంది. వంగితే కనపడింది. ఆ మర్నాడే పెద్ద వాన కొట్టి ఒక మూలంతా విత్తనాలు కొట్టుకుపోయాయి. ఆమె మళ్ళీ చల్లింది. అందుకే ఇప్పటికీ ఆ మూల గడ్డి ఒక రకం పచ్చ, మిగతాది ఇంకో రకం. వీధిలో అందరికన్నా బాగున్న లాన్ ఆమెది కాదు. రోరీ మాత్రం రోజంతా అక్కడే దొర్లుతాడు.

లాన్ వచ్చాక ఆమె స్థిమితపడుతుందని ఐవర్ ఆశపడ్డాడు. పెరట్లో రెండో కుర్చీ కూడా వేశాడు. ఆమె కూర్చుంటుంది. టీ కప్పు ఖాళీ అయ్యేలోపే లేచిపోతుంది. అంచులు కత్తిరించాలనో, కర్‌స్టీ ఇంటి మెట్టు కదులుతోందనో ఏదో ఒక పని కనిపెడుతుంది. ఐవర్ ఆ కుర్చీ మీద కాళ్ళు చాపుకుంటున్నాడు.

వెర్నన్‌తో మాటలు మాత్రం చాలాకాలం లేవు. బెరిల్ వచ్చిపోయేది. ఆయన కంచె దగ్గరికి వచ్చేవాడు కాదు. మరుసటి వసంతంలో ఒక పొద్దున నేను స్పూనర్ల నిచ్చెన తిరిగి ఇవ్వడానికి వెళ్ళాను. గ్లెండా లాన్ మధ్య గొంతుకూర్చుని ఉంది. గడ్డి మీద అక్కడక్కడా వేలెడంత మట్టి కుప్పలు, సేమియా చుట్టలు పెట్టినట్టు. వానపాములు పైకి తోసిన మట్టి. ఇక్కడ చాలామంది అవి కనపడితే చిరాకుపడి చీపురుతో చిమ్మేస్తారు. ఆమె వేలితో తాకి చూస్తోంది.

కంచె అవతల వెర్నన్ చేతిలో కత్తెరతో ఆగిపోయాడు. వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు.

"వానపాములా?" అన్నాడు చివరికి.

ఆమె తల ఎత్తలేదు. "ఆఁ."

"మా దాంట్లో ఎప్పుడూ చూడలేదు. నేను వేసే మందులకి బతకవనుకుంటా."

ఆమె ఇంకో కుప్పని తాకి చూసింది. ఆయన తల పంకించి అటు తిరిగాడు. అప్పుడు ఆమె మోకాళ్ళు పట్టుకుని లేచి, చేతులు దులుపుకుంటూ అంది, "మందులు మానెయ్యండి ముందు. తర్వాత ఓ గిన్నె పంపించండి, నాలుగు వానపాముల్ని ఇస్తాను."

గిన్నె ఆ మధ్యాహ్నమే వచ్చింది, బెరిల్ పట్టుకొచ్చింది. అప్పటికి గ్లెండా ఇంట్లో లేదు. ఎక్కడికి వెళ్ళిందో ఐవర్‌కీ తెలియదు. గిన్నె గుమ్మంలో పెట్టి వెళ్ళమన్నాడు.